ఆ రిపోర్టు సంగతి ముందు బాబుకు చెప్పండి

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పాఠం వింటే ఇట్టే పట్టేస్తాడు, లెక్కకు జవాబు నోటితో చెప్పేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం పదం పదానికీ ఆగిపోతాడు. ఒత్తులు వదిలేస్తాడు, నోట్సు సగమే రాస్తాడు. రెండు నెలల క్రితం ఒక సైకాలజిస్టు పరీక్షించి డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, వాటితోపాటు ఏడీహెచ్‌డీ ఉన్నాయని, అంటే చదవడం, రాయడం, దృష్టిని అదుపులో పెట్టుకోవడం వాడికి కష్టమని రిపోర్టు ఇచ్చారు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. బడిలో చెబితే టీసీ చేతిలో పెడతారేమోనని భయం. ‘వచ్చే ఏడాది మా ఫలితాలు దెబ్బతీసేలా ఉన్నాడు, ముందే ఆలోచించుకోండి’ అని హెడ్మాస్టరు గారు ఇప్పటికే అన్నారు. ట్యూషన్ మాస్టారు తప్పు రాసిన ప్రతి మాటనూ యాభైసార్లు ఇంపోజిషన్ రాయిస్తున్నారు. మా వారికి మోటారు వైండింగు షాపు ఉంది. అక్కడ వాడు రెండు గంటలు కదలకుండా కాయిల్ చుడతాడు. అది చూసి ఆయన ‘ఇది జబ్బు కాదు, బద్ధకం’ అంటారు. ఆయన కూడా చదువు ఎక్కక ఏడో తరగతిలో మానేసినవారే. సర్టిఫికెట్ తీసుకుంటే వికలాంగుడనే ముద్ర పడుతుందని, మా పెద్దమ్మాయి సంబంధాలకు అడ్డం వస్తుందని ఇంట్లో గొడవ. సర్టిఫికెట్ తీసుకోవాలా, వద్దా? బడికి చెప్పాలా? టెన్త్ తర్వాత వాడి పరిస్థితి ఏమిటి?

– ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో హెడ్మాస్టరు గారి మాట ఉంది, ట్యూషన్ మాస్టారి శిక్ష ఉంది, మీ వారి కోపం ఉంది, మీ భయం ఉంది. బాబు ఏమన్నాడో ఒక్క వాక్యమూ లేదు. బీరువాలో ఉన్న రిపోర్టులో ఏముందో అతనికి తెలుసా? తెలిసి ఉంటే ఆ సంగతి రాసేవారనుకుంటాను.

పద్నాలుగేళ్ల పిల్లవాడిని ఒక కొత్త మనిషి ముందు కూర్చోబెట్టి గంటలకొద్దీ చదివించి, రాయించి, ఇంటికి తీసుకొచ్చి ఏమీ చెప్పకపోతే ఏమనుకుంటాడు? తనలో చెప్పుకోలేనిది ఏదో ఉందనుకుంటాడు. ‘నేను మొద్దును’ అన్న తీర్పు ఎప్పుడో ఒకటో రెండో తరగతిలోనే తనకు తాను ఇచ్చుకుని ఉంటాడు. ఆ తీర్పు తప్పని చెప్పే కాగితం మీ చేతిలో ఉండి కూడా రెండు నెలలుగా తాళం వెనక ఉంది. సర్టిఫికెట్ సంగతి, బడి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ కాగితం బయటికి తీసి బాబు పక్కన కూర్చోండి.

ఏమని చెప్పాలో తోచకపోతే ఇలా చెప్పవచ్చు: ‘అక్షరాన్ని చూడగానే దాని శబ్దం తోచడం అందరికీ ఒకే వేగంతో జరగదు. నీకు ఆ పని చాలా శ్రమతో జరుగుతుంది. మనసులో ఉన్నదాన్ని చేత్తో రాయడం కూడా అంతే. ఇది కంటి దోషం కాదు, తెలివి తక్కువా కాదు, నీ తప్పు అసలే కాదు. దీనికి పేరు ఉంది. నీలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఇన్నాళ్లూ మాకు తెలియక నిన్ను తిట్టాం.’ ఈ చివరి మాట మింగేయకండి, అతను ఎదురుచూసేది దానికోసమే. పూర్తిగా పోతుందా అని అడిగితే అబద్ధం చెప్పవద్దు. పోదు. సరైన పద్ధతిలో నేర్పితే చదవడం తప్పకుండా మెరుగవుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు సర్దుబాట్లు చేస్తే బతుకు తేలికవుతుంది. మూడు నెలల్లో నయం చేస్తామని మందులు, నూనెలు, మెదడు వ్యాయామాలు అమ్మేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఏడీహెచ్‌డీకి మందు అవసరమా కాదా అన్నది మానసిక వైద్యుడు గానీ పిల్లల వైద్యుడు గానీ చూసి చెప్పవలసిన విషయం. ఇరుగుపొరుగు మాట విని మొదలుపెట్టకూడదు, ఆపకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు టీచరుగా పనిచేశాను. ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. మొదటి పీరియడ్ నాది. పాఠం పైకి చదవమని రోజూ లేపేదాన్ని. నిలబడి చెమటలు కక్కేవాడు, తరగతి నవ్వేది, అలా అయినా సాధన చేస్తాడని నేననుకునేదాన్ని. కొన్నాళ్లకు సరిగ్గా మొదటి పీరియడ్ అయ్యాక బడికి రావడం మొదలుపెట్టాడు. ఆలస్యానికి కూడా శిక్ష వేశాం. సంక్రాంతి సెలవుల తర్వాత ఇక రాలేదు. డిస్లెక్సియా అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, ఒక శిక్షణ తరగతిలో. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకు చదవలేకపోతున్నావని ఆ అబ్బాయిని నేను ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడేమో.

తెలుగు చదవడం తేలికని, రాసినట్టే పలుకుతామని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, ఇంగ్లిషులో ఉన్న స్పెల్లింగుల చిక్కు మనకు లేదు. కానీ మన లిపికి దాని బరువు దానికుంది. ప, వ మధ్య తేడా తలకట్టు అతుక్కోవడం, అతుక్కోకపోవడమే. మ, య దగ్గర దగ్గరగా ఉంటాయి. ద, ధ, థ లోపల ఒక గీతో చుక్కో మారితే వేరే అక్షరాలైపోతాయి. ఆపైన ప్రతి హల్లుకూ గుణింతం. ఒత్తు వచ్చిందంటే కన్ను కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. ‘రాష్ట్రం’ అన్న మాటను బాబు పక్కన కూర్చుని నెమ్మదిగా చదివించి చూడండి, ఎక్కడ ఆగుతున్నాడో మీకే తెలుస్తుంది. యాభైసార్లు రాయిస్తే ఈ ఇబ్బంది తీరదు. డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లవాడికి ఇంపోజిషన్ అంటే కాలు బెణికినవాడిని పరుగెత్తించడమే. ఆ ట్యూషన్ ఈ వారమే మాన్పించండి. ఆ డబ్బుతో శబ్దాన్నీ అక్షరాన్నీ మెట్టుమెట్టుగా కలిపి, చూపిస్తూ, పలికిస్తూ, వేలితో రాయిస్తూ నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులు దొరుకుతారేమో వెతకండి. రోజుకు అరగంట చాలు, విడవకుండా జరగాలి.

పాఠాలు చెవి ద్వారా కూడా అందనివ్వండి. ఇప్పుడు ఫోనే తెలుగు పుటను పైకి చదివి వినిపిస్తుంది, మాట్లాడితే తెలుగులో టైపు చేస్తుంది. ఇది దొంగదారి అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పలక పట్టకముందే శతక పద్యాలు నోటికి నేర్చుకున్న తరాలు మనవి. అక్షరం చేతికి లొంగలేదని బాబుకు భాష లేకుండా పోదు.

ఇక కాయిల్ సంగతి. రెండు గంటలు కాయిల్ చుట్టగలవాడు పది నిమిషాలు నోట్సు రాయలేడా అని మీ వారు అడుగుతున్నారు. బయటి నుంచి చూస్తే సబబైన ప్రశ్నే. ఏడీహెచ్‌డీ అంటే దృష్టి లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోటికి కావలసినప్పుడు తిప్పుకోలేకపోవడం. కాయిల్ చుట్టేటప్పుడు చెయ్యి, కన్ను, లెక్క ఒకే పనిలో ఉంటాయి. చుట్టు చుట్టుకూ పని ముందుకు సాగడం కళ్లెదుట కనిపిస్తుంది, తప్పితే అప్పుడే తెలుస్తుంది. నల్లబల్ల మీద రాసింది చూసి నోట్సులోకి ఎక్కించేటప్పుడు ఇవేవీ ఉండవు, పైగా అక్షరాలతో కుస్తీ. నిజానికి ఆ షాపులో అతను చేస్తున్నది చిన్న పనేమీ కాదు. చుట్ల లెక్క తప్పితే మోటారు కాలిపోతుందని మీ వారికి నాకంటే బాగా తెలుసు.

మీ వారి గురించి ‘ఆయన కూడా చదువు ఎక్కక మానేసినవారే’ అని ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడే ఆగాను. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది. ఉత్తరం చదివి ఆయనకూ అదే ఉండేదని నేను చెప్పలేను. కానీ ఏడో తరగతిలో బడి మానేసేముందు ఆయన ఎన్ని దెబ్బలు తిన్నారో, ఏ మాటలు పడ్డారో మీరెప్పుడైనా అడిగారా? ‘బద్ధకం’ అన్న మాట ఆయన కనిపెట్టింది కాకపోవచ్చు, ఆయనను ఎవరో అన్నదే కావచ్చు. కొడుకు విషయంలో మీకు ఎదురు నిలబడ్డారనుకుంటున్న మనిషే, నా ఉద్దేశంలో, బాబు బాధ మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి.

సర్టిఫికెట్ తీసుకోండి, బాబు ఒప్పుకుంటే. ఒప్పించేలా వివరంగా చెప్పండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజంతోపాటు డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, లెక్కల్లో ఇబ్బంది పెట్టే డిస్కాల్‌క్యులియా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ లేదు. అది ఒక్కటే ఉన్న పిల్లలకు ఇది అన్యాయమని నా అభిప్రాయం. మీ బాబుకు మిగతా రెండూ ఉన్నాయి కాబట్టి చట్టం వర్తిస్తుంది. చదువులో ఈ ఇబ్బందులున్న పిల్లలను వీలైనంత తొందరగా గుర్తించే బాధ్యత బడిదేనని ఆ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట.

టెన్త్ పరీక్షకు ఇవి కావాలంటే ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు ఒక్కటే సరిపోదు, ప్రభుత్వ వైద్య మండలి ధ్రువపత్రం కావాలి. అందరూ సదరం సర్టిఫికెట్ అని పిలిచేది, ఇప్పుడు యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుతో ముడిపడి వస్తున్నది అదే. మీ జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఇబ్బందులను తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ అనే కేంద్రంలో మొదట అడగండి. పద్దెనిమిదేళ్ల వరకూ పిల్లలను అక్కడ చూస్తారు. అక్కడ తేలకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ అది. తేదీ దొరకడానికి, మళ్లీ పరీక్షలు చేయడానికి నెలలు పట్టవచ్చు. టెన్త్ పరీక్ష రాసేవారి జాబితా (నామినల్ రోల్స్) బడి నుంచి వెళ్లేనాటికి కాగితం చేతిలో ఉండాలంటే తిరగడం ఇప్పుడే మొదలుపెట్టాలి.

కార్డు మీద వైకల్యం 40 శాతం కంటే తక్కువ పడితే అంతా వృథా అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా వంటివాటికి ఆ 40 శాతం కావాలి. పరీక్షలో సాయానికి ఆ గీత పెట్టకూడదు. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే వికాశ్ కుమార్ అనే అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో స్క్రైబ్ ఇవ్వడానికి యూపీఎస్సీ నిరాకరిస్తే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో, నీట్ పరీక్షలో అదనపు గంట దక్కని డిస్‌గ్రాఫియా విద్యార్థిని కేసులోనూ అదే మాట చెప్పింది. ఆ పేర్లు, తేదీలు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. కౌంటరు దగ్గర పనికొస్తాయి.

ముద్ర మాట. ధ్రువపత్రం ఎవరికి చూపాలో, ఎక్కడ వాడాలో మీ చేతిలో ఉంటుంది, అది గుమ్మానికి కట్టే తోరణం కాదు. అక్క సంబంధాల కోసం తమ్ముడి పరీక్షను పణంగా పెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఆ అమ్మాయిని అడిగి చూశారా? ఆమె పేరు చెప్పి మీరు పడుతున్న భయం ఆమెకు ఉందో లేదో.

బడికి తప్పకుండా చెప్పండి, నోటిమాటగా మాత్రం వద్దు. రిపోర్టు నకలు జతచేసి ఒక పేజీ ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వైకల్యం కారణంగా పిల్లవాడిని వెళ్లగొట్టే హక్కు ఏ బడికీ లేదు. ఒత్తిడి తెస్తే జిల్లా విద్యాశాఖాధికారికి, అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే మొదటిరోజే చట్టం చదివి వినిపించకండి. బాబు రోజూ ఆ గదిలోనే కూర్చోవాలి. ముందు చిన్న చిన్నవి అడగండి. అడగవలసినవి ఏమిటో బాబే చెప్పాలి: ఏ పీరియడ్ కష్టం, ఎక్కడ కూర్చుంటే మేలు, ఏ మాట అవమానంగా ఉంటుంది. నాకు తెలిసినంతలో చాలామంది పిల్లలు మొదట కోరేది ఒక్కటే, తాను చెయ్యి ఎత్తితే తప్ప పైకి చదవమని లేపవద్దని. నల్లబల్ల నోట్సు పక్క అబ్బాయి దగ్గర జిరాక్సు తీసుకోనివ్వడం, యూనిట్ టెస్టులో కొన్ని ప్రశ్నలు నోటితో అడగడం, సైన్సు జవాబులో విషయానికే మార్కు వేసి ఒత్తులకు కోయకపోవడం, లెక్కలకు గళ్ల పుస్తకం, మధ్యలో లేచి తిరిగే వీలుండేలా చాక్‌పీసులు తేవడం లాంటి పని అప్పగించడం. వీటిలో ఒక్కదానికీ బడికి రూపాయి ఖర్చు లేదు.

ప్రత్యేక ఉపాధ్యాయులు ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మీ బడిలో ఒక్కరైనా ఉన్నారా అని ఉత్తరంలో అడగండి. లేకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో పనిచేసే టీచరుతో ఒకసారి మాట్లాడండి, బడివాళ్లకు చెప్పే మాటలు వాళ్ల దగ్గర దొరుకుతాయి.

ఆగస్టు 15న మీ బడిలో మైకు సెట్టు ఎవరు చూసుకుంటారు? కాయిల్ చుట్టే పిల్లవాడికి ఆ పని ఎందుకు ఇవ్వకూడదు? జాలితో ఇవ్వమనడం లేదు. చేయగలడు కాబట్టి ఇవ్వమంటున్నాను. తరగతి నవ్విన పిల్లవాడి దగ్గరికి అదే తరగతి ‘ఒరే, ఇది ఎలా కలపాలి’ అని రావడం ఎంత మంచి ఔషధమో, నేను చూశాను. అతని ఇబ్బంది గురించి తోటి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా అతని ఇష్టం. టీచరు తనంతట తాను తరగతిలో ప్రకటించకూడదని ఆ ఉత్తరంలోనే రాయండి.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా తరచూ రాస్తుంటారు, వారికోసం ఒక్క మాట. మీ పిల్లలకు కష్టం పాఠంలో ఉండకపోవచ్చు. గంట మోతలో, ప్రార్థన సమయంలో మైకు గోలలో, మెడకు రాసుకునే యూనిఫాం కాలరులో, చెప్పకుండా మార్చిన టైంటేబుల్‌లో ఉండవచ్చు. అడిగే పద్ధతి మాత్రం ఇదే. మాట రాని పిల్లలు కూడా చెవులు మూసుకుని, పక్కకు తప్పుకుని చెబుతూనే ఉంటారు.

టెన్త్ తర్వాత సంగతి. ఉదయం అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ పెట్టే ఇంటర్ హాస్టల్లో మాత్రం బాబును వేయకండి. అక్కడ చదువంటే చూసి రాయడం, రాసింది మళ్లీ రాయడం. అతనికి బలం లేని చోటే రోజంతా కొట్టే ఏర్పాటు అది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమా చేయవచ్చు. ఆ ప్రవేశ పరీక్షలో జవాబులు గుర్తించడమే గాని వ్యాసాలు రాయడం ఉండదు. డిప్లొమా అయ్యాక ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఉంది, ఇంటర్‌లోనే ఒకేషనల్ కోర్సులు ఉన్నాయి. మామూలు బడి ఏమాత్రం పడకపోతే ఓపెన్ స్కూల్ ఉంది, అందులో సబ్జెక్టులు విడివిడిగా పూర్తిచేసుకోవచ్చు. అలాగని చేతిపని బాగుంది కాబట్టి అతని భవిష్యత్తు షాపేనని మీరే తేల్చేయకండి. డిస్లెక్సియా ఉన్నవాళ్లు లాయర్లు అవుతున్నారు, డాక్టర్లు అవుతున్నారు. అతనికి చరిత్ర ఇష్టమేమో, మీకు తెలుసా?

చివరగా స్క్రైబ్ గురించి, ఎందుకంటే అందరూ మరిచిపోయేది ఇదే. స్క్రైబ్‌ను ఇచ్చినంత మాత్రాన పరీక్ష తేలిక కాదు. సాధారణంగా కింది తరగతి విద్యార్థిని ఇస్తారు, ఆ పిల్లవాడికి పాఠం తెలియదు. జవాబును మనసులో కూర్చుకుని, వాక్యం వాక్యంగా, ఎదుటివాడు రాసే వేగానికి తగ్గట్టు చెప్పాలి. సూత్రంలో ఏది పైన, ఏది కింద అన్నది విడమరచాలి, రాసింది చదివించుకుని దిద్దించాలి. ఇది విడిగా నేర్చుకోవలసిన విద్య. పరీక్షకు పదిహేను రోజుల ముందు మొదలుపెడితే రాదు. ఈ వారం నుంచే వారానికి రెండుసార్లు బాబు చెబుతుంటే మీరు రాయండి. మీరు సరిదిద్దకూడదు, మాట అందించకూడదు, అతను చెప్పిందే రాయాలి.

మొదటి సాధనకు పాఠ్యపుస్తకం వద్దు. ఆదివారం సాయంత్రం షాపు మూసేవేళకు మీరూ అక్కడికి వెళ్లండి. ఏడో తరగతిలో ఏం జరిగిందో బాబుకు చెప్పమని మీ వారిని అడగండి. ఆయన చెప్పకపోతే ఆ రోజుకు వదిలేయండి, మరో ఆదివారం ఉంది. ఇంటికి వచ్చాక నాకు ఒక ఉత్తరం రాయండి. ఈసారి బాబు చెబుతాడు, మీరు రాయండి. అతను ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి, అతని సంతకం పెట్టించి పంపండి.